ఓటీపీ ఎవరి ఫోనుకి వస్తుంది?

పోయిన శ్రావణమాసంలో ఒక పొద్దున మా అత్తయ్యగారు టీవీ పెట్టుకుని, "అమ్మాయ్, ఇదేదో కొత్తగా వచ్చింది, నా సీరియల్ కనపడట్లేదు" అని పిలిచారు. చేతిలో అట్లకాడతోనే వెళ్ళి చూశాను. యాప్ ముఖమే మారిపోయింది. రంగు మారింది, అక్షరాలు మారాయి, తెర సగం మేర ఏదో సినిమా బొమ్మ కదులుతోంది. దాని మీద ఒక డబ్బా, అందులో ఫోన్ నంబరు కొట్టమని. ఏ చానెల్ వాళ్ళ యాప్ అన్నది ఇక్కడ అనవసరం, అన్నీ ఆ దారిలోవే.

నంబరు కొట్టాలి. ఏ నంబరు? మామయ్యగారిది. ఆ యాప్ పెట్టిందీ, చందా కట్టిందీ, రిమోట్ లో ఏ బటన్ ఎప్పుడు నొక్కాలో అత్తయ్యగారికి ఓపిగ్గా నేర్పిందీ ఆయనే. ఆయన పోయి అప్పటికి ఎనిమిది నెలలు. ఆ సిమ్ రీచార్జి చేయించాలని మాకెవరికీ తోచలేదు. కొన్నాళ్ళు వాడకపోతే కంపెనీ వాళ్ళు నంబరు ఆపేస్తారు, ఆ తర్వాత ఇంకెవరికో ఇచ్చేస్తారు. అంటే మేం ఆ నంబరు కొడితే ఓటీపీ మామయ్యగారికి రాదు సరే, ఎక్కడో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషికి వెళ్ళచ్చు.

అదంతా ఆవిడకి ఎలా చెప్పను? నీళ్ళు నములుతుంటే ఆవిడే అన్నారు, "నేను చూసుకునేదానికి ఆయన నంబరెందుకే?"

ఆ మాట నన్ను చాలారోజులు వదల్లేదు. మా ఇళ్ళల్లో బొమ్మలూ, కథలూ, మాటలూ వచ్చిన దారులన్నీ ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాను. చూసేది ఆడవాళ్ళు, కనెక్షన్ మాత్రం మగవాళ్ళ పేరున. ఇది యాప్ తో మొదలైంది కాదండీ.

అత్తయ్యగారిది గుడివాడ దగ్గర పల్లె. ఆవిడ చిన్నప్పుడు వాళ్ళింట్లో రేడియో వాళ్ళ నాన్నగారి పేరున ఉండేది. పేరున అంటే నిజంగానే పేరున. రేడియోకి లైసెన్సు ఉండేది, పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. 1980ల మధ్యలో దాన్ని ఎత్తేసేదాకా అదే పద్ధతి. ఆ పుస్తకంలో ఇంటాయన పేరుండేది. కానీ రోజంతా దాన్ని వినేది ఎవరు? విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అప్పటినుంచి మా డెల్టా ఊళ్ళల్లో వంటింటి గడియారం అదే. పొద్దున భక్తిరంజని అయ్యేసరికి పాలు కాగాలి. మధ్యాహ్నం ఆడవాళ్ళ కార్యక్రమం వచ్చేసరికి గిన్నెలు కడగడం అయిపోవాలి. ఆదివారం ఉషశ్రీగారి పురాణం వచ్చే టైముకి అరుగు మీద చాపేసి నలుగురు కూర్చునేవాళ్ళట. నండూరి సుబ్బారావుగారి గణపతి నాటకం వస్తోందంటే చెప్పక్కర్లేదు. రేడియో గూట్లో ఉంటుంది, చెయ్యి పెట్టి స్టేషన్ తిప్పేది మాత్రం తాతగారే. "మాకెందుకు, ఎప్పుడూ విజయవాడే కదా, తిప్పాల్సిన పనేముంది" అంటారు అత్తయ్యగారు.

సీరియల్ అనే అలవాటు కూడా టీవీతో రాలేదు. అది పత్రికలతో వచ్చింది, ఆ పత్రికల్లో చాలా వాటికి పుట్టిల్లు విజయవాడే. ఆంధ్రజ్యోతి 1960లో ఇక్కడే మొదలైంది. స్వాతి మాసపత్రిక 1970లో ఇక్కడినుంచే వచ్చింది, వారపత్రిక 1984లో. మన కృష్ణా జిల్లా కాజ గ్రామంలో పుట్టిన యద్దనపూడి సులోచనారాణిగారి సెక్రటరీ 1960లలో సీరియల్ గా వస్తుంటే, ఒక్క పుస్తకం వీధి వీధంతా తిరిగేది. చదివేటప్పుడు ముందు పేజీలన్నీ తిప్పేసి నేరుగా సీరియల్ దగ్గరికి వెళ్ళడం, "తరువాయి వచ్చేవారం" అనే దగ్గర పుస్తకం మూసి నిట్టూర్చడం, ఇవన్నీ మా అమ్మకి తెలిసినవే. కొనేది నాన్న, బస్టాండు పక్క కొట్లో. ఒకవారం మర్చిపోయొస్తే అమ్మ ఏమీ అనేది కాదు గానీ, ఆ రాత్రి అన్నం గిన్నె కొంచెం గట్టిగా చప్పుడయ్యేది.

తర్వాత దూరదర్శన్. హైదరాబాద్ కేంద్రం 1977లో వచ్చినా మా వైపు ఇళ్ళ మీద యాంటెన్నాలు లేచింది 1980లలో. మా వీధి మొత్తానికి ఒక్క టీవీ. 1987 జనవరి 25న రామాయణం మొదలైనప్పుడు ఆ ఇంటావిడ ఆదివారం పొద్దున ఇల్లు కడిగి, ముగ్గేసి, టీవీకి బొట్టు పెట్టింది. తొమ్మిదిన్నరకల్లా జనం గుమ్మం దాటి మెట్ల మీద దాకా. హిందీ ఒక్క ముక్క రాదు ఎవరికీ, కథ అందరికీ వచ్చు. 1988 జులై చివరిదాకా ఆ ఇంటావిడ ఏ ఒక్క ఆదివారమూ పుట్టింటికి వెళ్ళలేకపోయిందని అమ్మ చెప్పి నవ్వేది. శుక్రవారం చిత్రలహరి, శనివారం తెలుగు సినిమా. గాలి కొడితే యాంటెన్నా తిరిగిపోయేది. పైకెక్కి తిప్పేది మగపిల్లలు, కింద నుంచుని "వచ్చింది, వచ్చింది, ఆ, పోయింది" అని అరిచేది మేం.

అసలు మార్పు 1995లో వచ్చింది. ఫిబ్రవరిలో జెమిని, ఆగస్టు 27న ఈటీవీ. ఈటీవీ పెట్టిన రామోజీరావుగారిది పెదపారుపూడి, అత్తయ్యగారి ఊరికి కూతవేటు దూరం. ఆయన 1936లో అక్కడ పుట్టారు, ఈనాడు మొదలుపెట్టింది మాత్రం 1974లో విశాఖపట్నంలో. "మన పెదపారుపూడి వాళ్ళ చానెల్" అని అత్తయ్యగారు ఇప్పటికీ ఇంటి చానెల్ లాగే మాట్లాడతారు. పొద్దున్నే మగవాళ్ళకి అన్నదాత, 1996 నుంచి బాలసుబ్రహ్మణ్యంగారి పాడుతా తీయగా, రాత్రి తొమ్మిదికి వార్తలు. వాటన్నిటి మధ్య సీరియళ్ళు. అంతకుముందు వారానికోసారి వచ్చే కథ ఇప్పుడు రోజూ రావడం మొదలైంది. అంతరంగాలు వచ్చిన రోజుల్లో ఆ టైటిల్ పాట వినపడిందంటే వీధిలో ఎవరింటికీ కబుర్లకి వెళ్ళకూడదన్న మర్యాద ఏర్పడింది. ఆ తర్వాత జెమినిలో మంజులానాయుడుగారి చక్రవాకం, 2008 నుంచి మొగలిరేకులు. మొగలిరేకులు ఐదేళ్ళు నడిచింది. ఆ ఐదేళ్ళల్లో మా ఇంట్లో ఒక పెళ్ళి, రెండు బారసాలలు, ఒక కర్మ జరిగాయి. నాకవన్నీ ఆ సీరియల్ లో ఏ మలుపు దగ్గర జరిగాయో దాన్నిబట్టే గుర్తు.

ఈ కాలం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. రోజూ ఒకే వేళకి ఒక కథ రావడం వల్ల ఇంటి పనే దాని చుట్టూ సర్దుకుంది. కూర తరగడం ముందే అయిపోవాలి, ఎందుకంటే కత్తిపీట ముందు కూర్చుని తెర చూస్తే వేలు తెగుతుంది. చపాతీ పిండి కలపడం సీరియల్ లోకి రావచ్చు, ఒత్తడం ప్రకటనల్లోకి. పప్పు కుక్కర్ ఈలలు లెక్కపెట్టే బాధ్యత పిల్లలది. కాలవలు వదిలాక నాట్లకి వెళ్ళే ఆడవాళ్ళకి రాత్రి ఏడు దాటితే కళ్ళు మూతలు పడతాయి, వాళ్ళు మర్నాడు వేసే పునఃప్రసారం కోసం చూసేవాళ్ళు, అదీ పని లేని రోజు. కరెంటు పోతే గొప్ప చిక్కు. అప్పుడు ఒక ఫేజ్ ఉన్న ఇంటికి లేని ఇంటివాళ్ళు వెళ్ళేవాళ్ళు. అసలు చూడలేనివాళ్ళకి మర్నాడు పంపు దగ్గర కథ చెప్పేది ఎదురింటి పిన్నిగారు. ఆవిడ చెప్పే కథ తెర మీద కన్నా బాగుండేది. తనకి నచ్చని అత్తగారి పాత్ర మాటల్ని ఆవిడ కాస్త కారం పెంచి చెప్పేదని మాకందరికీ తెలుసు, అయినా వినేవాళ్ళం.

కేబుల్ అబ్బాయి నెలకోసారి డబ్బులకొచ్చేవాడు. కార్డు మీద పేరు నాన్నది. డబ్బు ఇచ్చేది పోపులడబ్బాలోంచి అమ్మ. చానెల్ రావట్లేదని ఫోన్ చేస్తే అవతల అడిగే మొదటి ప్రశ్న "ఎవరి పేరు మీదుందండీ?" తర్వాత సెట్ టాప్ బాక్సులు వచ్చాయి, ఆ పేరు పక్కన ఫోన్ నంబరు చేరింది. 2019 ఫిబ్రవరి నుంచి ట్రాయ్ వాళ్ళ కొత్త పద్ధతిలో ఏ చానెల్ కావాలో మనమే ఎంచుకోవాలన్నారు, వంద చానెళ్ళకి 130 రూపాయలు, పైన పన్ను, డబ్బు చానెళ్ళకి మళ్ళీ విడిగా. ఎంచుకున్నది ఎవరు? మా ఇంట్లో మావారు, ఫోన్లో, ఆఫీసులో కూర్చుని. రెండు స్పోర్ట్స్ చానెళ్ళు వచ్చాయి, వంటల చానెల్ పోయింది. పొరపాటేనన్నారు. పొరపాటే అయ్యుంటుంది లెండి.

అప్పటికే ఇంటికి తీగ మారింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి ఫోన్లో బొమ్మ చూడటం అందరికీ అందింది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి కోవింద్ గారు ఏపీ ఫైబర్ నెట్ ని ప్రారంభించారు, నెలకి 149 రూపాయలకి టీవీ, ఇంటర్నెట్, ఫోను మూడూ. గుడివాడ వైపు పల్లెల్లో కూడా ఆ పెట్టెలు వచ్చాయి. టీవీకీ ఇంటర్నెట్ కీ ఒకే తీగ అయ్యాక యాప్ ఇంట్లోకి రావడానికి గుమ్మం తెరిచినట్టే.

చానెళ్ళ యాప్ లు నిజానికి దొంగచాటుగా వచ్చాయి. హాట్ స్టార్ 2015 ఫిబ్రవరిలో వచ్చింది, ప్రపంచకప్ క్రికెట్ ముందు. ఆ ఏడే స్టార్ వాళ్ళు మా టీవీని కొన్నారు. సన్ వాళ్ళది 2017లో, జీ వాళ్ళది 2018లో. ఈటీవీ వాళ్ళు విన్ అని పెట్టారు. అన్నిటికీ మొదట్లో పని ఒకటే, నిన్న రాత్రి తప్పిపోయిన ఎపిసోడ్ చూపించడం. అంటే మా ఎదురింటి పిన్నిగారి పని. లండన్ లో బీబీసీ వాళ్ళు ఇదే పని 2007 క్రిస్మస్ నాడు ఐప్లేయర్ తో మొదలుపెట్టారు, అక్కడ ముందు ఒక కార్యక్రమం ఏడు రోజులే ఉండేది, 2014లో దాన్ని ముప్పై రోజులు చేశారు. మన వాళ్ళు ఆ విషయంలో ధారాళం, మొదటి ఎపిసోడ్ నుంచీ దొంతర పెట్టి ఉంచేవాళ్ళు.

ఆ తొలిరోజుల యాప్ మొహం గుర్తుందా? తెరవగానే సీరియళ్ళ బొమ్మలు వరసగా. చానెల్ లో ఏ వరసలో వస్తాయో ఇక్కడా దాదాపు ఆ వరసే. అత్తయ్యగారికి అక్షరం చదవక్కర్లేకుండానే తెలిసిపోయేది, ఎర్రచీర ఆవిడ బొమ్మ తర్వాతది ఆవిడది. ఆవిడ తెలుగు హాయిగా చదువుతారు, కానీ యాప్ లో పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. తెలుగు సీరియల్ పేరు, ఇంగ్లీషు అక్షరాల్లో, రిమోట్ తో ఒక్కో అక్షరం దగ్గరికి జరుపుకుంటూ వెతకాలంటే నాకే ప్రాణం విసుగొస్తుంది. దీపం అని కొట్టడానికి రెండు ఈలా, ఒక ఐ నా అన్నది ఎవరికి తెలుసు?

కార్తీకదీపం విషయమే చూడండి. స్టార్ మాలో 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరిదాకా 1,500 పైచిలుకు ఎపిసోడ్లు నడిచింది. మలయాళం కథ, అక్కడి నటి ప్రేమి విశ్వనాథ్, కానీ వంటలక్క అంటే మన ఇంటి మనిషే అయిపోయింది. ఆ రోజుల్లో హాట్ స్టార్ లో డబ్బు కట్టినవాళ్ళకి రాత్రి టీవీలో రాబోయే ఎపిసోడ్ పొద్దున్నే ముందుగా చూసే వీలు పెట్టారు. చిన్న మార్పే, కానీ మా అపార్టుమెంటులో దీంతో రెండు వర్గాలయ్యాయి. పొద్దున చూసేసినవాళ్ళు, రాత్రిదాకా ఆగేవాళ్ళు. కూరగాయల బండి దగ్గర రెండో అంతస్తావిడ నోరు తెరవబోతే "చెప్పకండి, చెప్పకండి" అని చెవులు మూసుకునేవాళ్ళం. అంతకుముందు కథ ఎవరు చెప్తారా అని ఎదురుచూసేవాళ్ళం. ఇప్పుడు చెప్తారేమోనని భయం. మామయ్యగారు చందా కట్టింది అప్పుడే, అత్తయ్యగారు అడగలేదు, ఆయనే కట్టారు. పొద్దున ఆవిడ చూస్తుంటే పక్కన పేపరు చదువుతున్నట్టు కూర్చునేవారు. పేపరు పేజీ ఎంతకీ తిరిగేది కాదు.

2020 ఏప్రిల్ లో ఆ యాప్ పేరు డిస్నీ ప్లస్ హాట్ స్టార్ అయింది. లాక్ డౌన్ లో షూటింగులు ఆగి కొత్త ఎపిసోడ్లే లేవు, దూరదర్శన్ మార్చి 28 నుంచి మళ్ళీ రామాయణం వేసింది. చిన్నప్పుడు మెట్ల మీద కూర్చుని చూసింది, ఈసారి పిల్లలతో సోఫాలో చూశాం. 2022 ఫిబ్రవరిలో బిగ్ బాస్ నాన్ స్టాప్ అని టీవీలో లేకుండా యాప్ లోనే వేశారు, అందులో బిందుమాధవి గెలిచింది, తెలుగు బిగ్ బాస్ లో గెలిచిన మొదటి ఆడమనిషి. 2025 ఫిబ్రవరి 14న జియో వాళ్ళదీ ఇదీ కలిసి జియో హాట్ స్టార్ అయింది. పదేళ్ళల్లో మూడు పేర్లు. మారిన ప్రతిసారీ మొహం కూడా మారింది. అటు ఈటీవీ విన్ కూడా సీరియళ్ళ దగ్గర ఆగలేదు, సొంత సిరీస్ లు, సినిమాలు పెట్టడం మొదలుపెట్టింది. 2024 జనవరి 5న అందులో వచ్చిన నైంటీస్, ఎ మిడిల్ క్లాస్ బయోపిక్ మా పిల్లలు మాకు చూపించారు. లెక్కల మాస్టారి ఇల్లు, కొత్తగా వచ్చిన కేబుల్ టీవీ కాలం. యాప్ లో కూర్చుని యాప్ లేని కాలం చూసి కళ్ళు తుడుచుకున్నాం, మమ్మల్ని చూసి పిల్లలు నవ్వారు. సిరీస్ మాత్రం చాలా బాగుందండీ, చూడకపోతే చూడండి.

అయితే ఈ మొహాలు ఎందుకు మారతాయి? సీరియల్ కిందికెందుకు జారుతుంది? నేను అర్థం చేసుకున్నది చెప్తాను. చానెల్ కి డబ్బు ప్రకటనల వల్ల వస్తుంది. ప్రకటన రేటు టీఆర్పీని బట్టి. 2015 నుంచి బార్క్ సంస్థ కొన్ని ఎంచుకున్న ఇళ్ళల్లో మీటర్లు పెట్టి దాన్ని లెక్కిస్తోంది. ఆ మీటరుకో రిమోట్ ఉంటుంది, అందులో ఇంట్లో ప్రతి మనిషికీ విడిగా ఒక బటన్. అత్తగారు టీవీ ముందుకొస్తే అత్తగారి బటన్, కోడలొస్తే కోడలి బటన్ నొక్కాలి. అంటే ఆ లెక్కలో ఇంటి ఆడమనిషి ఒక విడి మనిషి. సబ్బులవాళ్ళకీ, నూనెలవాళ్ళకీ, మసాలావాళ్ళకీ ఆవిడే కావాలి. అందుకే రాత్రి ఏడు నుంచి పదిదాకా చానెల్ అంతా ఆవిడకే రాసిచ్చారు.

యాప్ లో లెక్క వేరు. అక్కడ ఉన్నది మనిషి కాదు, ఫోన్ నంబరు. ఆ నంబరు వెనక ఎంతమంది చూస్తున్నారో ఎవరికీ అక్కర్లేదు, ఏడాదికోసారి చందా కట్టే చెయ్యి ఎవరిదో దాంతో పని. ఆ చేతి చేత కట్టించాలంటే క్రికెట్ చూపించాలి, కొత్త సినిమా చూపించాలి, టీవీలో దొరకని సిరీస్ చూపించాలి. సీరియల్ ఎటూ టీవీలో వస్తుంది కదా, దానికోసం కొత్తగా ఎవరు కడతారు? అలా మొదటి వరసలోకి బొమ్మ కదిలే సినిమా వచ్చింది, సీరియల్ నాలుగో వరసకి వెళ్ళింది, దాని పక్కన ఎర్రచీర ఆవిడ బొమ్మ మారి ఇంకేదో వచ్చింది. ఎవరూ కక్షతో చేసింది కాదు. చూసే మనిషి, కట్టే మనిషి ఒకరే అనుకుని గీసిన బొమ్మ అది, అంతే. బీబీసీ ఐప్లేయర్ లో కూడా 2017 నుంచి ఎవరి ఖాతా వాళ్ళు తెరిచి లోపలికి రావాల్సిందే. కాకపోతే అక్కడ అడిగేది ఈమెయిల్. ఈమెయిల్ ఇంట్లో ఎంతమందికైనా ఉండచ్చు, రీచార్జి చేయకపోతే ఆగిపోదు, పోయినవాళ్ళ నుంచి తీసి పక్కవాళ్ళకి ఇవ్వరు.

మన రాష్ట్రంలో దీనికి ఎదురు ఉదాహరణ ఒకటుంది, అది తలుచుకుంటే ఇంకా విచిత్రంగా ఉంటుంది. 1999లో దీపం పథకం కింద డ్వాక్రా ఆడవాళ్ళకి గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు, వాళ్ళ పేరునే. అత్తయ్యగారి ఊళ్ళో మా దగ్గర పనిచేసినావిడకి వచ్చిన ఆ పుస్తకం ఆవిడ జీవితంలో తన పేరు అచ్చులో చూసుకున్న మొదటి కాగితం. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం రేషన్ కార్డులో ఇంటిపెద్ద పద్ధెనిమిదేళ్ళు నిండిన ఆడవాళ్ళలో పెద్దావిడ. బియ్యం ఆవిడ పేరున, పొయ్యి ఆవిడ పేరున. వండటం అయ్యాక కూర్చుని చూసుకునే అరగంట మాత్రం ఆయన పేరున. ఎవరూ పనిగట్టుకుని ఇలా పెట్టలేదు. పొయ్యి అవసరం, చట్టం చేసేవాళ్ళకి కనపడింది. అరగంట సరదా కిందికి వచ్చింది.

సరదా అంటే నాకు ఒప్పుదల లేదు. మామయ్యగారు పోయిన పదమూడో రోజు వెళ్ళాక, చుట్టాలంతా వెళ్ళిపోయాక, ఇంట్లో పొద్దున తొమ్మిదింటికి ఏ చప్పుడూ లేకపోవడం అంటే ఏమిటో నేను చూశాను. మూడువారాల పాటు అత్తయ్యగారు టీవీ జోలికే పోలేదు. ఒకరోజు ఆవిడే రిమోట్ తీసి యాప్ పెట్టారు. తెర మీద "చూస్తూ ఆపినవి" అనే వరసలో ఆయనా ఆవిడా కలిసి చూస్తూ ఆపిన ఎపిసోడ్ అలాగే ఉంది, కింద ఎర్రగీత సగందాకా. ఆ సగం నుంచి మొదలుపెట్టారు. పక్కన పేపరు లేదు. శ్రావణమాసంలో పోయింది ఆ ఎర్రగీత.

ఫోన్ చేసి అడిగితే, నంబరు ఎవరిదైతే వాళ్ళే ఫోన్లో ఉండాలి, ఖాతాదారుని ఇవ్వండి అన్నారు. పోయారని చెప్పాను. ఆ అమ్మాయి పాపం ఒక్క క్షణం ఆగి సారీ మేడమ్ అంది, తర్వాత మళ్ళీ అదే మాట. తన తప్పేం లేదు, తన ముందున్న తెర మీద ఆ డబ్బా తప్ప ఇంకోటి లేదు. బ్యాంకుకైతే మరణ ధృవీకరణ పత్రం తీసుకెళ్ళచ్చు, గ్యాసుకీ కరెంటు మీటరుకీ పేరు మార్పించాం. సగం చూసిన సీరియల్ కి ఏ కాగితం తీసుకెళ్ళాలి?

మా వాడు "నా నంబరుతో పెట్టేస్తా మామ్మా" అన్నాడు. మావారూ అదే అన్నారు. నేను కూడా సరే అనబోయి ఆగాను. ఆయన నంబరు పోయి కొడుకు నంబరు వస్తుంది, రేపు వీడు ఉద్యోగానికి బెంగళూరు వెళ్ళి అక్కడ లాగౌట్ కొడితే మళ్ళీ ఈవిడ తెర ముందు ఈ డబ్బాయే. అత్తయ్యగారి దగ్గర పాత బటన్ల ఫోను ఉంది, దానికో సిమ్ ఉంది. అది కూడా మామయ్యగారి ఆధార్ మీద తీసుకున్నదేనని ఆరోజే తెలిసింది. ఇంకోటి కూడా ఆయన వెంటే పోయేది అన్నమాట.

సత్యనారాయణపురంలో మా వీధి చివర సెల్ షాపుకి ఆవిడని తీసుకెళ్ళాను. ఎనభైకి దగ్గర పడుతున్న మనిషి, వేలిముద్ర నాలుగుసార్లకి గానీ పడలేదు. గిన్నెలు తోమి తోమి అరిగిన వేళ్ళు మరి. కుర్రాడు ఓపిగ్గా చెయ్యి తుడిపించి మళ్ళీ పెట్టించాడు. కొత్త సిమ్ ఆవిడ పేరున. ఇంటికొచ్చి టీవీలో ఆ నంబరు కొట్టాం. పక్కనే ఉన్న బటన్ల ఫోను టింగుమంది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని ఆరంకెలూ ఒక్కోటీ పైకి చదివారు, నేను కొట్టాను. తర్వాత ప్రొఫైల్ పేరేం పెట్టమంటారని అడిగితే, "ఏం పెడతావే, అమ్మమ్మ అని పెట్టు" అన్నారు మొదట. కాసేపాగి తన పేరు చెప్పారు.

ఖాతా కొత్తది కాబట్టి "చూస్తూ ఆపినవి" వరసే లేదు. ఏ ఎపిసోడ్ దగ్గర ఆగారో వెతకాలి. ఆవిడకి అంకె గుర్తులేదు, దృశ్యం గుర్తుంది, "ఆ పిల్ల ఆస్పత్రి మెట్లెక్కుతోంది, చేతిలో టిఫిన్ క్యారేజీ." మా వాడూ నేనూ రెండు పొద్దున్లు ముందుకీ వెనక్కీ జరిపి వెతికాం. మూడోరోజు దొరికింది. మెట్లు, క్యారేజీ, అన్నీ.

ఇప్పుడు ఆవిడ రోజూ చూడటం అయ్యాక లేచి వెళ్ళి, వంటింటి గోడమీద క్యాలెండరులో ఆ తేదీ గడిలో పాల లెక్క పక్కన ఎపిసోడ్ నంబరు పెన్సిలుతో వేస్తున్నారు. నిన్నటిది 412, అరలీటరు.